‘టేక్’ అను ఆంగ్లక్రియ – తెలుగు పర్యాయముల పరిశీలన

ద్విభాషా నిఘంటుకారులకు మిక్కిలి చిక్కు కలిగించునవి అరుదైన పదములు గావు. అతి సామాన్యములైన క్రియలే. ఆంగ్లమునందలి ‘టేక్’ అట్టిది. దీనికి ‘తీసికొను, పుచ్చుకొను, గ్రహించు, పట్టు’ అని పర్యాయములను వరుసగా పేర్చుట సామాన్య పద్ధతి. ఈ పద్ధతి అర్థమును తెలుపునే గాని ప్రయోగమును తెలుపదని మా అభిప్రాయము.

మచిలీపట్టణమునకు సమీపమున, కృష్ణా కాలువల క్రింద వరి పండు గూడూరు ప్రాంతపు రైతు పలుకుబడిని చూతము. అతడు పొలము కౌలుకు ‘చేయును’. పెట్టుబడికి అప్పు ‘చేయును’. ధాన్యమును ఇంటికి ‘తోలును’. బందరు పోవుటకు బస్సు ‘ఎక్కును’. అచ్చటికి చేరుటకు కొంతసేపు ‘పట్టును’. జబ్బుపడిన బిడ్డను వైద్యునికి ‘చూపించును’. తాను మాత్ర ‘వేసికొనును’. అతని కుమారుడు పరీక్ష ‘వ్రాయును’. ఈ ఎనిమిది తావులందును ఆంగ్లమున ‘టేక్’ ఒక్కటియే చెల్లును. తెలుగున మాత్రము క్రియను నిర్ణయించునది దాని తోడి నామము.

ఇది తెలుగునకు మాత్రమే గల విశేషమా యన, కాదు. ఆంగ్లమువలెనే ఇండో-యూరోపియను కుటుంబమునకు చెందిన లిథువేనియను భాషను చూడుడు. అందు ‘టేక్’కు సామాన్య పర్యాయము ‘ఇమ్తి’. అయినను ఆ భాషలో మందునకు చెల్లు క్రియ ‘గెర్తి’, అనగా త్రాగు. పరీక్షకు చెల్లు క్రియ ‘లైకీతి’, అనగా పట్టియుంచు. స్నానమునకు ‘మౌదీతిస్’ అను ప్రత్యేక క్రియయే కలదు. కావున ఈ అర్థముల ఐక్యము లోకమున లేదు; ఆంగ్లభాషా సంప్రదాయమున మాత్రమే కలదు. దానిని మరియొక భాషలో వెదకుట వ్యర్థము.

అయినచో తెలుగున ఇట్టి విశాలార్థక క్రియ లేనే లేదా? కలదు. ‘కొను’ ధాతువునకు ప్రాచీనార్థము గ్రహించుట. ఒంటరిగా నున్నపుడు నేడు అది వెలయిచ్చి గ్రహించుటకు పరిమితమైనది. కాని చేకొను, గైకొను, పేర్కొను మొదలగు సమాసములందు ప్రాచీనార్థము నిలిచియున్నది. ‘పాల్గొను’ అనగా పాలు గ్రహించుటయే. చేసికొను, చూచుకొను, వండుకొను అనునపుడు అదియే సహాయక్రియయై, పనిఫలము కర్తకే చెందునని తెలుపును. ఆంగ్లము తన క్రియను నామములకు జతపరచగా, తెలుగు తన క్రియను వ్యాకరణమునకే అప్పగించినది.

ఈ విచారణవలన ఒక ప్రమాణము లభించుచున్నది. ‘నిర్ణయము తీసికొను’, ‘చర్య తీసికొను’ అను ప్రయోగములను ఆంగ్లానుకరణములని కొందరు నిరసింతురు. నామమునకు గ్రహణార్థక క్రియను చేర్చుట మన భాషకు క్రొత్త గాదు గనుక, వానిని పూర్తిగా త్రోసివేయ వలనుపడదు. కాని ‘స్నానము తీసికొను’, ‘పరీక్ష తీసికొను’ అనునవి వేరు. అచ్చట ‘చేయు’, ‘వ్రాయు’ అను సిద్ధమైన క్రియలు స్థానభ్రష్టము లగుచున్నవి. ఆంగ్లమును పోలియుండుట దోషము గాదు. ఉన్న క్రియను వెడలగొట్టుట దోషము. ఒక్క ‘తీసికొను’ పది క్రియల చోటు నాక్రమించినచో భాష సులభము గాదు, బక్కచిక్కును.

కొంతకాలము మచిలీపట్టణమున ఉద్యోగము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884), 1852లో వెలువరించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువున గ్రంథస్థ ప్రయోగములతోపాటు వాడుకలోని పలుకుబళ్లకును చోటిచ్చెను. ఆంగ్లమునుండి తెలుగునకు వచ్చు నిఘంటువులందు ఈ మార్గము మరింత ఆవశ్యకము. ‘టేక్’ క్రింద పర్యాయముల పట్టికకు మారుగా అప్పు, బస్సు, మందు, పరీక్ష, స్నానము అను తోడినామముల ననుసరించి విభాగము చేసి, ప్రతిదానికిని చెల్లు క్రియను చూపవలెను. ఆ క్రియలు నిఘంటుకారుని బల్లమీద దొరకవు. పొలముగట్టునను బస్సులోను దొరకును. పరిశోధక విద్యార్థులు ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్క క్రియను చేపట్టి ఈ సామగ్రిని కూర్పగలిగిన, భావి నిఘంటువునకు గట్టి పునాది యేర్పడును.