ఆసుపత్రిలో సంగీతము: ఔషధమా? ఊరటయా?

విజయవాడకు ఎదురుగా, కృష్ణానది దక్షిణపు ఒడ్డున, తుళ్లూరు ప్రాంతమున మల్కాపురము అను చిన్న గ్రామము కలదు. అచ్చటి శిలాస్తంభముపై కాకతీయ రుద్రమదేవి కాలపు శాసనము, క్రీ. శ. 1261 నాటిది, చెక్కబడియున్నది. విశ్వేశ్వర శివాచార్యునికి దానముగా లభించిన గ్రామముల ఆదాయము దేనిదేనికి వినియోగింపవలెనో అందు వివరింపబడినది. ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఆ పట్టికలో ఉన్నవి. నర్తకులు, గాయకులు, వాద్యకారులు కూడ ఉన్నారు. దీనిని చూపి, ఏడువందల సంవత్సరముల క్రిందటనే తెలుగువారు రోగులకు పాట వినిపించి నయము చేసిరని చెప్పవలెనని ఎవరికైనను ఆశ పుట్టును. శాసనము అంత మాట చెప్పుట లేదు. వైద్యుడును గాయకుడును ఒకే ధర్మముపై బ్రతికిరని మాత్రమే చెప్పుచున్నది. ఇద్దరును ఒక కొలువులో ఉండుట వేరు, ఒకరి విద్య మరియొకరి చేతి మందగుట వేరు.

సంగీతచికిత్సను గూర్చిన వ్రాతలలో పెక్కింటికి ఈ భేదము పట్టదు. ఫలానా రాగము రక్తపోటునకు, ఫలానా రాగము మధుమేహమునకు, మరియొకటి తలనొప్పికి అని పట్టికలు ప్రచారములో ఉన్నవి. ఆ పట్టికలలో ఎంతసేపు వినవలెనో ఉండదు, ఎందరు రోగులపై పరీక్షించిరో ఉండదు, పాట వినని రోగుల గతి ఏమైనదో అసలే ఉండదు. వాటికి తోడుగా రెండు కథలు తరచు వినవచ్చును. త్యాగరాజస్వామి బిలహరి రాగ కీర్తనతో చనిపోయినవానిని బ్రతికించెననునది ఒకటి; ముత్తుస్వామి దీక్షితులు శిష్యుని కడుపునొప్పి మాన్పుటకై గురుగ్రహముపై అఠాణా రాగమున కీర్తన రచించెననునది రెండవది. ఇవి భక్తుల మనస్సులలో నిలిచిన గాథలు. గాథలుగా వాటి విలువ వాటికున్నది. రోగికి చికిత్స నిర్ణయించుటకు మాత్రము అవి చాలవు. పట్టికను నమ్మి మధుమేహరోగి ఒకడు మందు మానినచో, ఆ నష్టమును ఏ రాగమును పూడ్చలేదు.

ఈ విషయమున విజయవాడకు సంబంధించిన ముఖ్యమైన పేరు మంగళంపల్లి బాలమురళీకృష్ణది (1930–2016). పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడై, అచ్చటి ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలైన ఆయన, తన పేర ఏర్పడిన ధర్మసంస్థ ఆశయములలో సంగీతచికిత్సపై పరిశోధనను చేర్చెను. నాలుగు స్వరములతోను, మూడు స్వరములతోను క్రొత్త రాగములు కల్పించిన సాహసికి ఇట్టి ప్రశ్న తోచుట సహజమే. పరిశోధన అను ఆ మాట గమనింపదగినది. పరిశోధింపవలసినది అనగా ఇంకను తేలనిది అని అర్థము. వైద్యుడును విద్వాంసుడును ఒకే మనిషియైన ఉదాహరణము కూడ తెలుగునాట కలదు. శ్రీపాద పినాకపాణి (1913–2013) కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యుడు. నేదునూరి కృష్ణమూర్తి వంటివారికి గురువు. ఆయనను తెలుగువారు గాయకులను తీర్చిన గురువుగా స్మరింతురు గాని, రాగముతో జ్వరము దింపినవాడుగా కాదు.

ఇక కొలిచి చూచినవారి మాట. శస్త్రచికిత్సకు ముందు రోగి పడు ఆందోళనపై సంగీతము చూపు ప్రభావమును పరీక్షించిన 26 ప్రయోగములను, 2,051 మంది రోగుల వివరములను ఒకచోట చేర్చి, కాక్రేన్ సంస్థవారి సమీక్ష 2013లో వెలువడెను. 20 నుండి 80 వరకు గల ఆందోళన కొలమానముపై, సంగీతము విన్నవారికి సగటున 5.72 అంకెలు తగ్గెను. చిన్నదే గాని, లెక్కింపదగిన తగ్గుదల. 2015లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన మరియొక సమీక్షలో 73 ప్రయోగములు, సుమారు 7,000 మంది రోగులు ఉన్నారు. శస్త్రచికిత్స తరువాత నొప్పి తగ్గెను, ఆందోళన తగ్గెను, నొప్పిమందుల వాడకము తగ్గెను. రోగి మత్తులో ఉండగా వినిపించినను కొంత ఫలితము కనబడెను. కాని ఆసుపత్రిలో ఉండవలసిన దినములు తగ్గలేదు. సంగీతమును పొగడువారు ఈ చివరి మాటను విడిచిపెట్టరాదు. అసలు విషయము అందే ఉన్నది. ఇల్లు చేరు దినమును పాట ముందుకు జరుపలేదు, ఆ దినము వరకు గడుపుటను సులభము చేసినది.

ఈ ప్రయోగములలో తప్పించుకొనరాని లోపమొకటి కలదు. మాత్రను పరీక్షించునపుడు సగముమందికి మందులేని మాత్ర నిత్తురు; ఎవరికి ఏది ఇచ్చిరో రోగికి తెలియదు. పాటను అట్లు దాచుట సాధ్యము కాదు. మేలుకొని విన్నవానికి విన్నట్లు తెలియును. మేలు కలుగునని చెప్పినచో కలిగినట్లే తోచును. నొప్పి ఎంత అని అడిగినప్పుడు అంకె చెప్పవలసినవాడు కూడ అతడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన నివేదిక కళలకును ఆరోగ్యమునకును గల సంబంధముపై 3,000కు పైగా అధ్యయనములు జరిగినవని లెక్క చెప్పినది. లెక్క పెద్దదే, వాటిలో గట్టివియు, బలహీనమైనవియు కలసియున్నవి.

రాగమునకు ప్రత్యేక శక్తి కలదా అను ప్రశ్నను నీలాంబరితో పరీక్షింపవచ్చును. నీలాంబరి నిద్ర తెచ్చునని ప్రతీతి. ఆ నిద్ర ఎందువలన వచ్చుచున్నది? జోలపాటలు ఆ రాగమున విని పెరిగిన అలవాటు వలననా? విలంబకాలమున, మంద్రముగా పాడుట వలననా? లేక ఆ స్వరముల కూర్పు వలననేనా? తేల్చుటకు రోగులను నాలుగు జట్లుగా, చీటీలు తీసి, విభజింపవలెను. ఒక జట్టుకు నీలాంబరి నెమ్మదిగా, రెండవదానికి నీలాంబరియే వేగముగా, మూడవదానికి మోహన నెమ్మదిగా, నాలుగవదానికి మోహన వేగముగా వినిపింపవలెను. ధ్వని తీవ్రత అందరికి ఒక్కటే. నెమ్మదిగా విన్న రెండు జట్లును సమానముగా నిద్రించినచో ఆ గొప్ప రాగముది కాదు, కాలముది. వేగముగా పాడినను నీలాంబరియే గెలిచినచో అప్పుడు పట్టికల వారికి మాట్లాడుటకు అవకాశము కలుగును. నీలాంబరి యెరుగని దేశస్థులపై అదే ప్రయోగము చేసినగాని అలవాటు సంగతి తేలదు. ఉన్నత పాఠశాల తరగతిలో రోగులు దొరకరు గాని, విద్యార్థుల నాడిని నిమిషముపాటు లెక్కించి ఇట్టి ప్రయోగపు పద్ధతిని నేర్పుట కష్టము కాదు.

నొప్పి తగ్గుటకు రాగమహిమను ఆశ్రయింపకయే కారణము చెప్పవచ్చును. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పి వార్తలకు ఒక ద్వారము వంటి ఏర్పాటు కలదనియు, మెదడునుండి దిగివచ్చు సంకేతములు దానిని కొంత మూయగలవనియు ప్రతిపాదించిరి. వివరములలో ఆ సిద్ధాంతము తరువాత చాల మారినది. శ్రద్ధ, భయము నొప్పిని పెంచి తగ్గించునను మాట నిలిచియున్నది. పాట శ్రద్ధను గాయము మీదినుండి మరల్చును. తాను కోరిన పాటయైనచో, ఏదియు తన చేతిలో లేని చోట ఒక్క నిర్ణయమైనను రోగికి దక్కును.

పై ప్రయోగములలో అధికభాగము రికార్డు సంగీతముతో జరిగినవి. ఎదుట కూర్చుండి పాడువాని ప్రయోజనము వేరు. రోగి ముఖము చూచి అతడు గొంతు తగ్గించును, కునుకు పట్టగానే ఆపును, యంత్రము ఆపదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రకటించిన నర్సుల పుస్తకమున, నాదము తెగక సాగు వాద్యములు రోగికి హితమనియు, పియానో హితము కాదనియు వ్రాసినది. ఆమె చేసినది ప్రయోగము కాదు, పరిశీలన. ఆ దృష్టితో చూచిన ఈ ప్రాంతపు వాద్యములలో తంబుర, వేణువు, వీణ వార్డులో ఇముడును. నాదస్వరము, డోలు పెండ్లిపందిరికే తగును. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. మంచము నుండి మంచమునకు తిరుగు మృదంగపు చర్మమును వైద్యుని చేతులవలె సబ్బుతో కడుగుట సాధ్యము కాదు.

చిత్రకళకును ఈ విచారణ వర్తించును. రోజర్ ఉల్రిచ్ 1984లో సైన్స్ పత్రికలో ప్రకటించిన అధ్యయనము ప్రసిద్ధము. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రియందు 1972–1981 మధ్య పిత్తాశయము తొలగింపబడిన 46 మంది రోగుల రికార్డులను ఆయన పోల్చెను. కిటికీనుండి చెట్లు చూచిన 23 మంది సగటున 7.96 దినములును, ఇటుకగోడ చూచిన 23 మంది 8.70 దినములును ఆసుపత్రిలో ఉండిరి. మొదటివారికి తీవ్రమైన నొప్పిమందులు తక్కువ పట్టినవి. జట్లు చిన్నవి, అవి చీటీలు తీసి ఏర్పరచినవియు కావు. ఆ శస్త్రచికిత్సకే నేడు అన్ని దినములు పట్టవు. అయినను, ఏలూరు, బందరు, రైవస్ కాలువలు పారు విజయవాడలో నీరు, పచ్చదనము కనబడునట్లు మంచమును త్రిప్పుట పెద్ద ఖర్చు కాదు, దోమతెర బిగించిన తరువాత. పెడన కలంకారీ గోడకు అందమే. ఆ బట్ట దుమ్ము పట్టును గనుక దానిని అద్దము వెనుక ఉంచవలెను.

ఈ చర్చలో తరచు మరపునకు వచ్చువారు నర్సులు, వార్డు సిబ్బంది. రోగి కొన్ని దినములుండి పోవును. నర్సు అదే పాటను ఏడాది పొడుగున వినవలెను. నిరీక్షణశాలలో నిర్విరామముగా మ్రోగు భక్తిగీతమును కళ అనుట తగదు, అది చప్పుడు. 2000 నాటి శబ్దకాలుష్య నియమములు ఆసుపత్రుల చుట్టు 100 మీటర్లను నిశ్శబ్ద మండలముగా ఏర్పరచి, పగలు 50, రాత్రి 40 డెసిబెల్లు హద్దుగా విధించినవి. ఆ హద్దు వీధివారికే గాని లోపలివారికి లేదనుకొనుట వింత. బ్రిటనులో 20 శస్త్రచికిత్సలను చలనచిత్రముగా తీసి పరిశీలించి 2015లో ప్రకటించిన అధ్యయనములో, పాట మ్రోగుచుండగా జరిగిన వానియందు కోరిన పనిముట్టును మరల అడుగవలసి వచ్చుట ఎక్కువగా కనబడెను. శస్త్రవైద్యునికి హాయి గొల్పిన పాట, పనిముట్టు అందించు నర్సుకు మాట వినబడకుండ చేసినది.

విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్నది. ప్రభుత్వ ఆసుపత్రియు ఉన్నది. ఈ రెంటిని కలుపుటకు గోళకీ మఠము వంటి దానము అవసరము లేదు. వారమునకు రెండు సాయంత్రములు, ఒక వార్డులో వీణ, ప్రక్క వార్డులో మామూలు సాయంత్రము. వద్దన్న రోగి ఒక్కడున్నను అతనిని మరియొక గదికి మార్చుట. నొప్పి, నిద్ర, నాడి వ్రాసుకొనుట. వ్రాయువానికి ఏ వార్డున వీణ మ్రోగినదో తెలియకుండుట. నర్సుల అలసటను కూడ అదే పుస్తకమున వ్రాయవలెను. వారు విని సేదదీరవలెనన్నచో ఆ అరగంట వార్డు చూచుకొనుటకు మరియొక నర్సును నియమింపవలెను. వీణ తెచ్చుటకంటె అది ఎక్కువ ఖర్చు.