లేబుల్‌లో లేని పేరు

మ్యూజియంకి వెళ్ళి వస్తువులు చూశామని చెప్పుకుంటాం గానీ, నిజానికి అక్కడ మనం చేసేది ఎక్కువగా చదవడమే. కళ్ళు ముందు వస్తువు మీద పడతాయి, వెంటనే దాని కిందున్న అట్టముక్క మీదికి దిగుతాయి. అది చదివాకే ఏం చూస్తున్నామో మనకి తెలుస్తుంది. రెండు మూడు వాక్యాల ఆ లేబుల్‌ని సాహిత్యంగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తీసుకోవాలనే నా వాదన. కథలో లాగే అక్కడా ఒక కథకుడు ఉంటాడు, ఒక దృష్టికోణం ఉంటుంది, చెప్పకుండా దాటేసిన సంగతీ ఉంటుంది.

యూనివర్సిటీ మ్యూజియంలో ఈ చదువు ఇంకాస్త జాగ్రత్తగా సాగాలి. రాజుగారి మ్యూజియం తన వైభవం చూపించుకుంటుంది. జాతీయ మ్యూజియం దేశం గొప్ప చెప్పుకుంటుంది. యూనివర్సిటీ మాత్రం "ఇది జ్ఞానం" అంటుంది. వైభవంతో పేచీ పెట్టుకోవచ్చు. జ్ఞానం అన్నాక ఎదురు మాట్లాడటం కష్టం.

ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ సంగతే చూడండి. 1683లో జనానికి తలుపులు తెరిచిన ఈ మ్యూజియం, ఇప్పుడు ప్రపంచంలో ఉన్న యూనివర్సిటీ మ్యూజియంలన్నిటికీ పెద్దక్క లాంటిది. దీని మూల సేకరణ ఆష్మోల్‌ది కాదు. జాన్ ట్రెడెస్కంట్ అనే ఒకే పేరున్న తండ్రీకొడుకులది. ఇద్దరూ తోటల పనిలో ఆరితేరినవాళ్ళు. లండన్ పక్కన లాంబెత్‌లో ఉన్న వాళ్ళ ఇంట్లో వింత వస్తువులన్నీ పోగేస్తే, జనం డబ్బులిచ్చి మరీ చూసి వెళ్ళేవాళ్ళు. 1656లో ఆ సేకరణకి కేటలాగ్ అచ్చయింది. ఆ పనిలో సాయపడ్డ ఎలియాస్ ఆష్మోల్‌కి, మూడేళ్ళ తర్వాత కొడుకు ట్రెడెస్కంట్ మొత్తం సేకరణని రాసిచ్చాడు. ఆయన పోయాక భార్య హెస్టర్ ఆ పత్రం చెల్లదంది. కోర్టు ఆష్మోల్ వైపే మొగ్గింది. 1678లో హెస్టర్ తన ఇంటి కొలనులో శవమై కనిపించింది. లోపలి గదుల్లో ట్రెడెస్కంట్‌ల కథ చెప్తారు, కాదనను. గుమ్మం మీద పేరు మాత్రం ఆష్మోల్‌ది. ఏ మ్యూజియంకైనా దాని పేరే మొదటి లేబుల్ కదా.

"అందరికీ ప్రవేశం" అన్న మాటకి కూడా అక్కడ మొదట్నుంచీ పరీక్షే. 1710లో జర్మనీ నుంచి వచ్చిన ఉఫెన్‌బాఖ్ అనే పండితుడు, ఆరు పెన్నీలిస్తే చాలు, పల్లెటూరివాళ్ళనీ ఆడవాళ్ళనీ కూడా పైకి రానిస్తున్నారని విసుక్కున్నాడు. ఆయన బాధ మనకి నవ్వు తెప్పించొచ్చు. కానీ ఒక సంగతి మిగిలే ఉంది. లోపలికొచ్చి చూసే హక్కు మూడు వందల ఏళ్ళ కిందటే దొరికింది. అట్టముక్క మీద రాసే హక్కు ఎవరికి దొరికింది?

ఈ ప్రశ్నతో పిట్ రివర్స్ మ్యూజియంలోకి వెళ్ళాలి. దానికీ ఆక్స్‌ఫర్డే యజమాని. డైనోసార్ల అస్థిపంజరాలున్న సహజ చరిత్ర మ్యూజియం దాటుకుని వెళ్తే, వెనకాల చీకటిగా, కిక్కిరిసిన అద్దాల బీరువాలతో ఉంటుంది. 1884లో జనరల్ పిట్ రివర్స్ ఇరవై వేల వరకూ వస్తువులిస్తూ, తన పద్ధతిలోనే అమర్చాలని షరతు పెట్టాడు. దేశాలవారీగా కాదు, రకాలవారీగా. తాళాలన్నీ ఒకచోట, వేణువులన్నీ ఒకచోట, పడవలన్నీ ఒకచోట. సరళమైన దాని నుంచి సంక్లిష్టమైన దానికి మెట్లు కట్టి, మనుషుల నాగరికత కూడా అలాగే ఎదిగిందని నిరూపించడం ఆయన ఉద్దేశం. ఆ సిద్ధాంతం ఎప్పుడో పోయింది. అమరిక ఉండిపోయింది. విచిత్రం ఏమిటంటే, సిద్ధాంతం పోయాక ఆ అమరికకో అందం వచ్చింది. ఎక్కడెక్కడి మనుషులో ఒకే అవసరానికి ఎన్ని రకాలుగా ఆలోచించారో పక్కపక్కనే కనపడుతుంది. ఈ ఆనందాన్ని తక్కువ చేయను.

అక్కడ బాగా పేరుపడ్డ వస్తువుల్లో ఒకటి, వెండిపూత మెరిసే చిన్న గాజుబుడ్డి. అందులో ఒక మంత్రగత్తె ఉందట. 1915 ప్రాంతంలో ససెక్స్‌లోని ఒక పల్లెలో ఉండే ముసలావిడ దగ్గర దొరికింది. మూత తీస్తే చాలా ముప్పని ఆవిడ హెచ్చరించిన మాటల్ని, ఆవిడ యాసతో సహా రాసి ఉంచారు. అదీ మంచి లేబుల్ అంటే. ఆవిడ పేరు లేకపోయినా గొంతు వినపడుతుంది. బుడ్డి కన్నా ఆ గొంతే గుర్తుండిపోతుంది.

ఇప్పుడు అదే మ్యూజియంలో ఉన్న నాగా వస్తువుల దగ్గరికి రండి. సుమారు ఆరున్నర వేలు. చాలా భాగం జె. హెచ్. హటన్, జె. పి. మిల్స్ పంపినవి. ఇద్దరూ నాగా కొండల్లో బ్రిటిష్ అధికారులు. హటన్ తర్వాత కేంబ్రిడ్జ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. పన్ను వసూలు చేసే చెయ్యీ, నోట్స్ రాసుకునే చెయ్యీ ఒకటే. ఇచ్చినవాళ్ళు ఇష్టంగా ఇచ్చారా, దొరగారు అడిగితే కాదనలేక ఇచ్చారా? మూత తీస్తే ముప్పని అక్కడా ఎవరో ఒక ముసలావిడ అనే ఉంటుంది. ఆ మాట అట్టముక్కకి ఎక్కలేదు.

నేను రోజూ డేటాబేస్‌లతో పనిచేసేవాణ్ణి. టేబుల్ డిజైన్ చేసేటప్పుడు ఏ గడి తప్పనిసరి, ఏ గడి ఖాళీగా వదలొచ్చు అన్నది మొదటే తేల్చుకుంటాం. దాన్ని సాంకేతిక నిర్ణయం అంటాం గానీ, ఎవరిని మర్చిపోయినా ఫర్వాలేదో నిర్ణయించడం కూడా అదే. పిట్ రివర్స్ కేటలాగ్ ఆన్‌లైన్‌లో ఉంది, ఎవరైనా వెతుక్కోవచ్చు. ఊరు, తెగ, ఏ పదార్థంతో చేశారు, ఎవరు సేకరించారు, ఎప్పుడు చేరింది. ఇలాంటి పాత సేకరణల్లో సేకరించినవాడు పేరూ ఇంటిపేరుతో సహా ఉంటాడు. నేసిన మనిషి తెగ పేరులో కలిసిపోతుంది.

2020లో ఈ మ్యూజియం ఒక పెద్ద పని చేసింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కుదించిన తలలతో సహా, 120 దాకా మానవ అవశేషాల్ని ప్రదర్శన నుంచి తీసేసింది. వాటిలో నాగాలవీ ఉన్నాయి. చరిత్రని దాచేస్తున్నారని కొందరు గొడవ చేశారు. తీసెయ్యడం సరైనదేనని నా అభిప్రాయం. తాతగారి పుర్రెని ఎవరూ టికెట్ లేని వినోదంగా చూపించుకోరు. నా అసంతృప్తి వేరే చోట. తలల స్థానంలో పెట్టిన వివరణ ఎందుకు తీసేశామో చెప్తుంది. బాధ్యతగానే చెప్తుంది. కానీ ఆ వాక్యాలకి కర్త మళ్ళీ మ్యూజియమే. మునుపు దాని సాహసం గురించి చదివాం, ఇప్పుడు దాని పశ్చాత్తాపం గురించి చదువుతున్నాం. అదే ఏడాది నుంచి నాగా పరిశోధకులూ పెద్దలూ తమ పూర్వీకుల అవశేషాల గురించి ఊరూరా మాట్లాడుతున్నారు. వెనక్కి రావాలా, వస్తే ఏ ఊరికి, ఏ పద్ధతిలో సాగనంపాలి అని. అసలు లేబుల్ అక్కడ తయారవుతోందని నాకనిపిస్తుంది.

బయటివాళ్ళు లేబుల్‌ని దిద్దగలరనడానికి ఆష్మోలియన్‌లోనే రుజువుంది. 16వ శతాబ్దపు తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహాన్ని ఆ మ్యూజియం 1967లో సోత్‌బీస్ వేలంలో కొన్నది. కొనుగోలు, సంవత్సరం, అంతా సక్రమం. 2019లో స్వతంత్ర పరిశోధకులొకరు ఒక పాత ఫొటో సంగతి బయటపెట్టారు. 1957లో తీసిన ఆ ఫొటో పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ భాండాగారంలో ఉంది. అందులో అదే విగ్రహం, తమిళనాడు గుడిలో. ఒక్క ఫొటోతో "కొనుగోలు" అన్న మాట అర్థం మారిపోయింది. 2024 మార్చిలో యూనివర్సిటీ పాలకమండలి, విగ్రహాన్ని తిరిగి ఇవ్వాలన్న భారత్ అభ్యర్థనని సమర్థించింది. దారిదోపిడీలు చేసి ఆ సొమ్ముతో దేవుడి పని చేశాడని ఐతిహ్యమున్న ఆళ్వారే ఇలా దోపిడీకి గురవడం ఆయనకీ నవ్వు తెప్పించేదేమో. ఇక్కడ గమనించాల్సింది, ఒక సంస్థ మంచితనం కాదు. రెండు సంస్థల దస్తావేజులు తెరిచి ఉండబట్టి, మూడో మనిషి రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవగలిగాడు.

మనకి దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. హైమెండార్ఫ్. నాగాల దగ్గర పనిచేశాక, రెండో ప్రపంచ యుద్ధంలో శత్రుదేశస్థుడిగా హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోవాల్సివచ్చి, చెంచుల్నీ కొండరెడ్లనీ ఆదిలాబాద్ గోండుల్నీ అధ్యయనం చేశాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్ యూనివర్సిటీకి చెందిన సోయాస్‌లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఈయన్ని హటన్ గాటనే కట్టెయ్యలేం. 1987లో పోయిన భార్య బెట్టీని మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన అవశేషాలూ తర్వాత అక్కడికే చేరాయి. ఆ ఊళ్ళో ఏటా వాళ్ళ వర్ధంతి జరుపుతారు. అంటే సేకరించినవాళ్ళ పేర్లు మార్లవాయి గుర్తుపెట్టుకుంది. మార్లవాయి మనుషుల పేర్లు ఆ ఫొటోల కింద ఎన్ని ఉన్నాయో, లేనివి ఎవరు చెప్పగలరో చూడాల్సిన పని మిగిలింది. ఆ నగ ఏ ఇంటిది, ఆ డోలు మోగిస్తున్నది ఎవరి తాత అని చెప్పగలిగిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మనవలకి గోండీ వచ్చు, తెలుగు వచ్చు, చేతిలో ఫోనుంది. వస్తువులు వెనక్కి రావడానికి ప్రభుత్వాలు కదలాలి. ఖాళీ గడి నింపడానికి అంత అక్కర్లేదు. నింపిన పేరుని యూనివర్సిటీ తన కేటలాగ్‌లోకి తీసుకుంటుందా లేదా అన్నదాన్ని బట్టే, అది నిజంగా ఎంత తెరిచి ఉందో తేలుతుంది.