మూడూళ్ల నవ్వుకు దండం

ప్రొద్దుటూరి సినిమా హాలా, జమ్మలమడుగు సినిమా హాలా, పులివెందుల సినిమా హాలా! మీ ఆనాటి నేల టిక్కెట్టుకూ, మీ బెంచీలకూ, గోడల మీద మైదాపిండితో అతికించిన మీ రంగుల పోస్టర్లకూ దండం. పెన్నలో నీళ్లు పారిన ఏడైనా, ఇసుకే మిగిలిన ఏడైనా ఈ సీమకు నవ్వు కరువు రానీయని తల్లులు మీరు.

ఆ నవ్వుకు ఈ మట్టితోనే చుట్టరికం. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్.రెడ్డి 1966లో ‘రంగుల రాట్నం’ తీస్తూ ఒక అమ్మాయికి కథానాయిక వేషమిచ్చారు. ఆ అమ్మాయి విజయనిర్మల. అంతకు ముందే ఆయన ‘స్వర్గసీమ’లో, ‘మల్లీశ్వరి’లో నటించిన భానుమతి 1953లో ‘చండీరాణి’కి తానే దర్శకురాలయ్యారు. ఆయన తమ్ముడు నాగిరెడ్డి తీసిన ‘మిస్సమ్మ’తో ఇంటింటి మనిషైన సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ తీశారు. దర్శకులైన ఆ ముగ్గురు ఆడవాళ్లూ ఈ కడప జిల్లా అన్నదమ్ముల గడప తొక్కి వెళ్లినవాళ్లే. ఆ గడపకూ దండం.

1980లో విజయనిర్మల ‘రామ్ రాబర్ట్ రహీమ్’ తీశారు. హిందీ ‘అమర్ అక్బర్ ఆంథోనీ’ కథకు తెలుగు రూపం. కృష్ణ, రజనీకాంత్, చంద్రమోహన్. చిన్నప్పుడే చెల్లాచెదురైన ముగ్గురన్నదమ్ములు మూడు మతాల ఇళ్లలో పెరుగుతారు. ఈ కథ కడప జిల్లా వాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. గండికోటలో మాధవరాయస్వామి గుడీ జామియా మసీదూ ఒకే కోటగోడ లోపలివి. జమ్మలమడుగులో మిషన్ వాళ్లు కట్టిన క్యాంబెల్ ఆసుపత్రి ఉంది. ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడి మెట్లు ముస్లింలూ ఎక్కుతారు. ఈ జనం ముందు ఆ ఆట పడితే, అది వాళ్ల వీధి కథే.

మగ్గం దిగినవాళ్లు రండి. చీనీ తోటకు నీళ్లు కట్టి వచ్చినవాళ్లు రండి. బంగారం అంగడి కట్టేసి ఆఖరాటకు పరుగెత్తే గుమాస్తాలు రండి. ఒళ్లో శెనక్కాయల పొట్లం పెట్టుకుని, కొంగు నోటికడ్డంపెట్టి నవ్వే అవ్వలూ, ఈపొద్దు ఆ కొంగు తీసేయండి. ఈ సినిమా తీసినామె ఆడదే, మీ నవ్వుకు ఇక్కడ అడ్డమెవరు?

ఆ రోజుల్లో పైన ఆపరేటరు గదిలో రెండు మిషన్లు ఉండేవి. కార్బన్ కడ్డీల కొసల మధ్య తెల్లటి నిప్పు. రీలు అయిపోవస్తుంటే తెర కుడి పైమూలన చిన్న చుక్క మెరిసేది. ఆపరేటరు చెయ్యి రెండో మిషను మీద పడేది. కింద ఎవరికీ తెలిసేది కాదు. ఒక రీలులో మొదలైన నవ్వు తెగకుండా ఇంకో రీలులోకి దాటేది. ఆ చేతికీ దండం.

నవ్వించడం చిన్న పని కాదు. ఏ మాట దగ్గర ఆగాలో, ఏ ముఖం మీద ఇంకో క్షణం నిలవాలో తెలియాలి. ఏడ్చే జనాన్ని కథే చూసుకుంటుంది, నవ్వే జనాన్ని మాత్రం దర్శకుడే కనిపెట్టుకుని ఉండాలి. అంత గట్టి పనిని విజయనిర్మల నలభై నాలుగు సినిమాల దాకా చేశారు. ప్రపంచంలో ఇంతకన్నా ఎక్కువ సినిమాలు తీసిన ఆడమనిషి లేదని 2002లో గిన్నిస్ పుస్తకం రాసుకుంది.

అందుకే మూడూళ్ల జనానికి ఒక్క మనవి. పాత సినిమా మళ్లీ ఆడిన రోజున, హీరో అడుగుపెట్టేటప్పటి కోసం ఈలలన్నీ దాచుకోకండి. పేర్లు పడేటప్పుడు అన్నిటికన్నా చివర ‘దర్శకత్వం’ అని వస్తుంది. దాని కింద ఆడమనిషి పేరు కనబడగానే, హాలు దద్దరిల్లేలా మొదటి ఈల వేయండి!