నీడ లేని సుల్తాను

డచ్చి రూపచిత్రాల గొప్పంతా కళ్ళలోనే ఉందంటారు. కాదనను. కానీ అదే కొలబద్ద పట్టుకొచ్చి గోల్కొండ చిత్రంలో జీవం లేదని తేల్చేసేవాళ్ళతో నాకు పేచీ.

రెండు రకాలూ ఆంస్టర్‌డాం రైక్స్‌మ్యూజియంలోనే ఉన్నాయి. ఒకటి, రెంబ్రాంట్ 1662లో వేసిన బట్టల పరీక్షాధికారుల చిత్రం. ఎర్ర తివాచీ కప్పిన బల్ల, తెరిచిన పుస్తకం, నల్ల దుస్తులు, తెల్ల కాలర్లు. ఐదుగురికి టోపీలున్నాయి, వెనక నిలబడ్డ నౌకరుకు లేదు. ఒకాయన కుర్చీలోంచి సగం లేచాడు. మనం అప్పుడే లోపలికి అడుగుపెట్టామేమో, చూపులన్నీ ఇటే. అద్దకపు బట్ట నాణ్యం చూసి ముద్ర వేయించడం వీళ్ళ పని. చెన్నై పురసవాక్కం హైరోడ్డు బట్టల కొట్లో చీర అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి, ధర అడక్కుండా సేల్స్‌మన్ మొహంలోకి చూసే పెద్దావిడది కూడా ఇదే చూపు. ఆ నౌకరును ఎక్కడ నిలబెట్టాలో తేలక రెంబ్రాంట్ పదేపదే చోటు మార్చాడని ఎక్స్‌రేలు బయటపెట్టాయి. అనుకోకుండా దొరికినట్టున్న క్షణం వెనక అంత కూర్పు ఉంది.

రెండోది విట్సెన్ ఆల్బమ్. 1686 ప్రాంతంలో గోల్కొండలో తయారైన 49 రూపచిత్రాలు, ఆంస్టర్‌డాం మేయర్ నికొలాస్ విట్సెన్ చేతికి చేరాయి. డచ్చివాళ్ళు మచిలీపట్నంలో దిగింది బట్టల కోసం; ఆ రాకపోకల వెంటే బొమ్మలూ ఓడెక్కాయి. అందులో మన గోల్కొండ సుల్తాను తానీషా ఉన్నాడు, రామదాసును చెరలో పెట్టినవాడు. ఈ బాణీలో దుస్తుల మీది జరీ పువ్వుకు దక్కినంత శ్రద్ధ చెంప మీది వెలుగుకు దక్కదు. నీడ వేస్తే పొద్దు ఎక్కడుందో చెప్పాలి. పొద్దు కదిలితే సుల్తానూ కదులుతాడు. పాదుషాకు అది కుదరదు. 1687లో ఔరంగజేబు కోట పట్టుకుని తానీషాను దౌలతాబాదులో బంధించాడు. బొమ్మకు మాత్రం ఆ వార్త చేరలేదు.

ఇక్కడే రెంబ్రాంట్ మళ్ళీ అడ్డొస్తాడు. 1656–61 మధ్య ఆయన మొఘల్ చిత్రాలు చూసి ఇరవైకి పైగా బొమ్మలు గీశాడు. షాజహాన్ నిలుచున్న తీరు, తలపాగా, పక్కకు తిరిగిన ముఖం అన్నీ ఉంచి, గోధుమరంగు సిరా పూతతో నీడలు దించాడు. అందమైన గీతలే, సందేహం లేదు. అయితే చక్రవర్తి కాస్తా ఎండలో నిలబడ్డ మనిషైపోయాడు. ఐరోపా అచ్చుబొమ్మలు మన దర్బారుల్లోకి అప్పటికే వచ్చి ఉన్నాయి. నీడ వేయడం తెలియక మనవాళ్ళు మానలేదు, అక్కర్లేదనుకున్నారు.