ఆషాఢంలో మొదలయ్యే కోత పండుగ

యలహంక దాటి దొడ్డబళ్లాపురం రోడ్డు పట్టుకుని, లేఅవుట్ల బోర్డులు కాస్త పలచబడ్డాక పక్క దారిలోకి తిరిగితే చిన్న పెంకుల మందిరం ఒకటి వస్తుంది. ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే పండక్కి ఫోన్లు పట్టుకుని జనం దిగుతారు, అయ్యగారికి అది గిట్టదు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు పాస్టరు ఆయన. ఆరాధన సగం తెలుగులో, సగం కన్నడలో సాగుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడే కుటుంబాలు ఈ మొరసునాటి ఊళ్లకు కొత్త కాదు కనుక ఎవరికీ ఇబ్బంది లేదు. బెంగుళూరులో పెద్ద పెద్ద చర్చీల కోత పండుగలు చూశాను. లక్షలు పోసి చేసినవీ చూశాను. ఈ మందిరం ముందు అవన్నీ దిగదుడుపే. పక్షపాతం అనుకునేవారు అనుకోండి, నాకేం బాధ లేదు.

కోత పండుగ ముస్తాబు శనివారం రాత్రి చేసే పని అని చాలామంది అనుకుంటారు. కాదు. అక్టోబరు చివరనో నవంబరులోనో వచ్చే ఆ ఒక్క ఆదివారం కోసం పల్లె పాస్టరు ఆషాఢంలోనే నడుం కడతాడు. ఇల్లు, తోట, మందిరం మూడూ ఒకే పని. ఏ ఒక్కటి వెనకబడినా ఆ లోటు పండుగనాడు మందిరంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

చరిత్ర అంటారా, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ప్రథమఫలాలు గంపలో పెట్టి తేవడం ద్వితీయోపదేశకాండంలోనే ఉంది. ఇప్పుడు మనం చేసే తీరు మాత్రం ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిందంటారు. మోర్వెన్‌స్టో అనే మారుమూల ఊళ్లో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే పాస్టరు 1843లో కోత ఆరాధన పెట్టాడు. తన ఇంటి పొగగొట్టాలను తాను ఎరిగిన చర్చి గోపురాల ఆకారంలో కట్టించుకున్న మనిషి! ఇల్లూ గుడీ వేరు కాదని అంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు? ఆ పద్ధతి దొరల వెంట మన దేశానికి వచ్చింది. వచ్చాక మనదైపోయింది. ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్పు అజరయ్య, 1912లో అభిషేకం పొంది డోర్నకల్ సీమను చూసుకున్నవారు, బీద రైతుకూలీల సంఘాలకు ఇవ్వడం నేర్పిన తీరు మీద ఎంత రాసినా తక్కువే. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం ఇప్పటికీ మన సంఘాల్లో ఆడవాళ్లు చేస్తున్నారు. ఏడాది పొడుగునా పిడికెడు, కోతనాడు గంపెడు. ఇక చరిత్ర చాలు, గోడ దగ్గరికి వద్దాం.

బెంగుళూరులో వానకు సెప్టెంబరు, అక్టోబరు పెద్ద నెలలు. పండుగకు ముందు గోడ తెల్లబడాలి, వాన చూస్తే విడవదు. కొత్తవాళ్లయితే డిస్టెంపరు డబ్బా తెచ్చి పూసి చేతులు దులుపుకుంటారు. పాత గోడలోని తడి ఆ పూత కింద చిక్కుకుని, క్రిస్మస్ నాటికి బొబ్బలు లేచి, పొలుసులుగా ఊడుతుంది. అయ్యగారు సున్నం తప్ప మరొకటి ముట్టరు. రాతి సున్నం తొట్టిలో వేసి నీళ్లు పోస్తే బుసబుసా పొంగుతుంది, దగ్గర నిలబడలేం. చల్లారాక చాలామంది మర్నాడే పూసేస్తారు. ఆయన వారాల తరబడి నీళ్ల కిందే ఉంచి, పాత పంచె గుడ్డతో వడగట్టి, కాస్త గంజి, చిటికెడు నీలిమందు కలుపుతారు. గోడను ముందు తడుపుతారు. వేలు ముంచి తీస్తే వేలి గీతలు కనిపించేంత పలచగా ఉండాలి పూత. ఒకసారి నిలువుగా, ఆరాక అడ్డంగా, మళ్లీ నిలువుగా. పూసినప్పుడు గోడ మాసినట్టే ఉంటుంది. తెలుపు ఆరే కొద్దీ పైకి వస్తుంది, ఆ వచ్చే గంటలో అక్కడ కూర్చుని చూడాలి మరి! సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి అవుతుంది, గోడ మాత్రం ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. మెదక్ కతీడ్రల్ రంగుటద్దాల గురించి పేజీలకు పేజీలు రాస్తారు. న్యాయమే. మరి ఈ సున్నపు గోడ గురించి ఒక్క వాక్యం రాసినవాళ్లున్నారా?

పెంకుల పని కూడా ఆయనదే. మంగుళూరు పెంకులు, బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టి చేయించడం మొదలుపెట్టిన రకం. వాసాల మీదే పాదం పెట్టి నడుస్తూ, పగిలినవి తీసి, జారినవి సర్దుతారు. అరవై దాటిన మనిషి. కింద అమ్మగారు నిచ్చెన పట్టుకుని, ఆయన దిగేదాకా ఎవరితోనూ మాట్లాడరు.

అసలు విద్య తోటలో ఉంది. మందిరానికీ ఇంటికీ మధ్య నాలుగు మడుల నేల. బంతి, బొగడబంతి, సీతమ్మజడ, అన్నిటికన్నా ముఖ్యం చామంతి. బంతిదేముంది, విత్తనం చల్లితే రెండు నెలల్లో పూస్తుంది. చామంతికి లెక్క ఉంది. పోయినేటి మొక్కల మొదళ్ల నుంచి తీసిన పిలకలను ఆషాఢంలో నాటాలి. వేరు పట్టి నాలుగాకులు వేశాక తల తుంచాలి. ఒక కొమ్మ పోయి మూడు నాలుగు వస్తాయి. వాటి తలలు మళ్లీ తుంచాలి. ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం. ఆలస్యంగా తుంచితే మొగ్గ పండుగ దాటాక వస్తుంది, తొందరగా ఆపేస్తే మొక్క బోసిగా నిలబడి నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. చామంతి రాత్రి నిడివిని బట్టి నడిచే మొక్క. పగళ్లు కురచై రాత్రులు సాగాకనే మొగ్గ తొడుగుతుంది. చిక్కబళ్లాపురం వైపు రాత్రిపూట ప్రయాణం చేస్తే చామంతి పొలాల్లో బల్బులు వరసలుగా వెలుగుతుంటాయి, చూసే ఉంటారు. ధర వచ్చేదాకా మొగ్గను ఆపడానికి రైతులు చేసే ఉపాయం అది.

ఆ ఉపాయమే ఒక ఏడు అయ్యగారి కొంప ముంచబోయింది. ప్రహరీ పక్కన కొత్తగా తెల్ల వీధిదీపం పెట్టారు. దసరా దగ్గరపడేసరికి ఇంటి వైపు రెండు మడులు మొగ్గలతో నిండిపోయాయి. దీపం వైపు రెండూ నిగనిగలాడే ఆకులే, మొగ్గ అన్నది లేదు. నేను తెగులేమో అన్నాను. ఆయన రాత్రి పది గంటలకు నన్ను తోటలోకి తీసుకెళ్లి, మొక్కల మీద పడ్డ నా నీడ చూపించారు. "దీపం మొహాన కొడతా ఉంటే పసిబిడ్డ నిద్రపోతాదా సార్? ఇదీ అంతే" అన్నారు. మర్నాడు వెదురు గడలు పాతి, దీపం వైపు గోనెపట్టాలు కట్టారు. పండుగకు ఆ మడులు కూడా అందుకున్నాయి, కాకపోతే సగం విచ్చిన పూలతో. వాటిని ఆయన బల్ల దగ్గర పెట్టలేదు, కిటికీల్లో పెట్టారు. నగరానికి ఏడాది పొడుగునా ఒకదాని తర్వాత ఒకటి పూసే చెట్లను ఎంచి నాటించినవాడని క్రుంబీగల్ దొరను బెంగుళూరు ఇప్పటికీ తలచుకుంటుంది, తలచుకోవలసిందే. లాల్‌బాగ్ అంతటి నేల, రాజుగారి ఖజానా ఉన్న మనిషి ఆయన. నాలుగు మడుల్లో ఒక ఆదివారానికి గురిపెట్టి పూయించేవాడి పేరు ఏ పుస్తకంలోకీ ఎక్కదు.

శుక్రవారం నుంచి మందిరంలో పని. అరటి బోదెను జానెడు ముక్కలుగా నరికి, అడ్డంగా పడుకోబెట్టి, పైభాగాన మేకుతో బెజ్జాలు పొడిచి, కాడలు గుచ్చుతారు. బోదె నిండా నీరే కనుక పూలు సోమవారం దాకా వాడవు. కాడ ఏటవాలుగా కోయాలి, తెల్లవారుజామున కోయాలి, కోసిన వెంటనే బకెట్లో మెడదాకా ముంచి నీడన పెట్టాలి. పూల దుకాణాల్లో అమ్మే ఆకుపచ్చ స్పాంజి ఇటుకలు దీని ముందు ఎందుకూ కొరగావు, పైగా మట్టిలో కలవవు. బోదె ముక్కలను పండుగ మర్నాడు ఆవుకు వేస్తారు. గుమ్మానికి చెరకు గడలు, ద్వారబంధానికి అల్లిన కొబ్బరి మట్ట, లోపల గుమ్మడికాయలు తొడిమతోనే. తొడిమ విరిగిన కాయను ఆయన వెనక్కి పంపేస్తారు. బల్ల మీద శిలువ, రొట్టె తప్ప మరేదీ ఉండకూడదని ఆయన నియమం. దినుసంతా దాని ముందు నేల మీదే.

ఆ దినుసులో మొదటి చోటు రాగిది. ఇక్కడ నేను నిష్పక్షపాతంగా ఉండలేను. డెల్టా నుంచి వచ్చిన మా బంధువులు బల్లకు రెండు పక్కలా వరి పనలు లేకపోతే అది కోత పండుగే కాదంటారు. ఈ నేల పంట రాగి అయ్యా! వరి వెన్ను ముట్టుకుంటే రాలుతుంది. రాగి కంకి గింజను గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఏళ్ల తరబడి పురుగు ముట్టదు. కంకి వేళ్లు లోపలికి ముడుచుకుని, ఆకుపచ్చ పోయి గోధుమ రంగు తిరుగుతుండగా, మూరెడు కాడతో కోసి, వసారాలో తలకిందులుగా వేలాడగడతారు. అలా ఆరితే మెడ వంగదు. పన కట్టేటప్పుడు పొట్టివి బయటికి, పొడుగువి నడుమకు. కట్టేది రాగి గడ్డి పురితోనే, ట్వైను దారంతో కాదు. యలహంక పొలిమేరలోనే ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రాగి వంగడాలు పుట్టాయి. ఇండాఫ్ రకాలు సృష్టించి రాగి లక్ష్మణయ్యగా పేరుపడ్డ శాస్త్రవేత్తను కన్నడదేశం నెత్తిన పెట్టుకుంది. అలాంటి చోట రాగిని మూలన పెట్టి, బయటి నుంచి తెప్పించిన వరి పనకు దణ్ణం పెట్టడమేమిటి?

ఆరాధన అయ్యాక వేలం. అయ్యగారు మందిరం మెట్టెక్కి కోడిపుంజును చంకన పెట్టుకుని "ఒకటోసారి" అంటారు, పిల్లలు కన్నడంలో అందుకుంటారు. కోడిగుడ్డు ఒక్కటే పాడినవాళ్లల్లా తిరిగి మందిరానికే ఇచ్చేస్తుంటే మళ్లీ మళ్లీ వేలానికి వచ్చి, పుంజు ధరను దాటిపోవడం నేను చూశాను. గుడ్డు తెచ్చిన ముసలమ్మ మాత్రం గోడవారగా కూర్చుని లెక్కపెట్టుకుంటూ ఉంది.

ఇదంతా ఎన్నాళ్లు ఉంటుందో తలచుకుంటే కడుపు మండుతుంది. దేవనహళ్లిలో 2008లో విమానాశ్రయం తెరిచాక ఈ దారి పొడుగునా గజం నేల బంగారమైంది. రాగి చేలు ప్లాట్లయ్యాయి. పొలం లేని సంఘం కోత పండుగ ఎలా చేస్తుంది? సూపర్‌మార్కెట్‌కు వెళ్లి చేస్తుంది. నగరంలో ఒక చర్చిలో బల్ల నిండా సముద్రాలు దాటి వచ్చిన ఆపిల్స్ చూశాను. ప్రతి కాయ మీదా కంపెనీ స్టిక్కరు! దేవుడికి ఇచ్చేముందు గోటితో గీకి తీసేపాటి తీరిక కూడా లేదా? వెనక ఫ్లెక్సీ బ్యానరు, దాని మీద ఏ దేశానివో గోధుమ చేలు, పక్కన పాస్టరుగారి నిలువెత్తు ఫోటో. ప్లాస్టిక్ చామంతులు నిరుటివే, దుమ్ము దులిపి తెచ్చారు. ఈవెంటు వాళ్లకు కాంట్రాక్టు ఇచ్చామని కమిటీ పెద్దలు గర్వంగా చెప్పుకున్నారు. డబ్బు కవర్లో పెట్టి ఇస్తే సరిపోదా, ఈ కోళ్లూ గుమ్మడికాయలూ ఎందుకన్న పెద్దమనిషీ ఉన్నాడు. సరిపోదు. కూలి చేసుకునే మనిషి పెరట్లో కాసిన సొరకాయ కవర్లో పట్టదు. అది అందరి కళ్లెదుటా బల్ల ముందు నిలబడితే, ఆ పూట ఆమె ఎవరికీ తీసిపోదు.

కమిటీల్లో ఉన్న పెద్దలకు ఒక మనవి. మందిరం ఆవరణలో ఖాళీ ఉన్న ప్రతిచోటా సిమెంటు బిళ్లలు పరచి పార్కింగు చేయకండి. నాలుగు మడులు వదలండి. పాస్టరును బదిలీ చేస్తే చేయండి, ఆ మడులను చూసుకునే మనిషిని ముందు చూసిపెట్టండి, లేకపోతే వచ్చే ఏడు నాటడానికి పిలక మిగలదు. గోడకు ఈసారికైనా సున్నం వేయించి చూడండి, డిస్టెంపరు కన్నా చవకే. పిలకలు కావలసినవారు సంక్రాంతి దాటాక నన్ను అడగండి. పూత అయిపోయిన మొక్కలను అయ్యగారు అప్పుడే విడదీస్తారు, అడిగినవారికల్లా ఊరికే ఇస్తారు. తడిపిన గోనెసంచి ఒకటి వెంట తెచ్చుకోండి. ప్లాస్టిక్ కవర్లో అడిగితే ఇవ్వరు.