రిజిస్టర్లో దొరికే పాత కారు

1904 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో నంబరు లేకుండా మోటారు కారు రోడ్డెక్కడానికి వీల్లేకపోయింది. అంతకు ముందు ఏడాది చేసిన మోటారు కార్ల చట్టం ఈ నమోదు పనిని కౌంటీ కౌన్సిళ్లకూ పెద్ద పట్టణాల కౌన్సిళ్లకూ అప్పగించింది. ఒక్కో కౌన్సిలూ ఒక లావాటి రిజిస్టరు తెరిచింది. అందులో ఏమేం రాయాలో పైనుంచే వచ్చింది: నంబరు, యజమాని పూర్తి పేరు, చిరునామా, కారు రకం, బాడీ తీరు, రంగు, ఖాళీ బండి బరువు, సొంత వాడకానికా వ్యాపారానికా కిరాయికా, నమోదైన తేదీ, రద్దయితే ఆ తేదీ. గుమాస్తాలు రోజువారీ పనిగా నింపిన ఆ వరసలే ఇవాళ పాత కార్ల చరిత్ర వెతికేవాళ్లకు మొదటి ఆధారం.

వెతుకులాట నంబరులోని అక్షరాల దగ్గర మొదలవుతుంది. 1901 జనాభా లెక్కల ప్రకారం పెద్ద కౌన్సిళ్లకు ముందుగా ఒంటి అక్షరాలు ఇచ్చారు. ఎ లండన్‌కు, బి లాంకషైర్‌కు, సి యార్క్‌షైర్ వెస్ట్ రైడింగ్‌కు. అవి అయిపోయాక జంట అక్షరాలు వచ్చాయి. డి.యు. కావెంట్రీ, ఎఫ్.సి. ఆక్స్‌ఫర్డ్, పి.పి. బకింగ్‌హామ్‌షైర్. కారు ఎక్కడ తయారైందో ఈ అక్షరాలు చెప్పవు. మొదట ఏ ఆఫీసు పుస్తకానికెక్కిందో మాత్రమే చెబుతాయి. ఆ కాస్త తేడాలోనే ఒక్కోసారి కథంతా ఉంటుంది.

రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ పేరుకు మూలమైన అసలు కారునే చూడండి. 1907 నాటిది, ఛాసిస్ నంబరు 60551, నంబరు ప్లేటు ఎ.ఎక్స్. 201. అప్పటికి కంపెనీ కార్ఖానా మాంచెస్టర్‌లో ఉంది. బాడీ కట్టిన బార్కర్ వాళ్లది లండన్. కానీ ఎ.ఎక్స్. అనేది వేల్స్ సరిహద్దులోని మన్‌మత్‌షైర్ కౌంటీ గుర్తు. మాంచెస్టర్ ఛాసిస్‌కు, లండన్ బాడీకి ఆ మూలనున్న కౌంటీతో పనేమిటి? కంపెనీ స్థాపకుల్లో ఒకరైన చార్లెస్ రోల్స్ కుటుంబానికి ‘ది హెండ్రే’ అనే ఎస్టేటు ఉన్నది ఆ కౌంటీలోనే. కంపెనీ ప్రకటనలేవీ చదవకుండానే, రెండక్షరాలు పట్టుకుని మనిషి ఇంటిదాకా వెళ్లగలిగాం. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

1920 నాటి రోడ్ల చట్టంతో, మరుసటి ఏడాది నుంచి ప్రతి బండికీ లాగ్‌బుక్ వచ్చింది. మన సి-బుక్ చేసే పనే అదీ చేసేది, కానీ అందులో ఎక్కువ సంగతులు దొరుకుతాయి. యజమాని మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి, దాని కిందే కొత్త పేరు, చిరునామా రాసేవారు. కొట్టేసిన పేరు చెరిగిపోయేది కాదు, గీత కింద చదువుకోవచ్చు. ఊళ్లో పొలానికి పాత అడంగల్ ఎలాగో కారుకు ఈ పుస్తకం అలాగ. పన్ను కట్టినప్పుడల్లా దాని మీద ఆఫీసు ముద్ర పడేది. యజమాని మరో కౌంటీకి మారితే ఆఫీసులోని ఫైలు కూడా ఆ కౌంటీకి వెళ్లేది. కాబట్టి నంబరు ఇచ్చిన చోట ఫైలు కనిపించకపోతే వెతుకులాట ముగిసినట్టు కాదు. చివరి ముద్ర ఏ ఊరిదో చూసుకుని అక్కడి భాండాగారానికి రాయాలి.

ముద్రలను ఎలా చదవాలో తెలిస్తే దేశ చరిత్ర కూడా అందులో కనిపిస్తుంది. 1939 సెప్టెంబరులో బ్రిటన్‌లో పెట్రోలు రేషన్ పెట్టారు. 1942 జూలైలో సొంత కార్లకిచ్చే మామూలు కోటా కూడా ఆపేశారు. 1945 జూన్‌లో గానీ తిరిగి ఇవ్వలేదు. అందుకే 1930ల నాటి కారు లాగ్‌బుక్‌లో ఆ మూడేళ్లూ ముద్రలు లేకపోతే అనుమానించాల్సిన పని లేదు. చాలా కార్లు దిమ్మల మీద ఎక్కి షెడ్లలో ఉండిపోయిన కాలమది. ఆ మూడేళ్లూ ముద్రలు వరసగా పడి ఉంటేనే ఆగి చూడాలి. ఆ యజమానికి పెట్రోలు ఎలా దొరికింది? డాక్టరో, రైతో, ప్రభుత్వ పని మీద తిరిగేవారో అయ్యుండాలి. అప్పటి వృత్తుల జాబితాల్లో, ఊరి డైరెక్టరీల్లో ఆ పేరు వెతికితే తరచూ జవాబు దొరుకుతుంది. ఒక వరస ఖాళీ గళ్లు, పక్కనే ఒక పాత పెట్రోలు ఉత్తర్వు. రెండూ కలిపి చదివితేనే అర్థం.

రంగు, బాడీ గడులు కూడా అంతే ముఖ్యం. రిజిస్టర్లో ‘సెలూన్, నలుపు’ అని ఉంటుంది, ఎదురుగా నిలబడ్డది పైకప్పు లేని ఆకుపచ్చ టూరర్. యుద్ధానికి ముందటి బెంట్లీల్లో, ఇంకా ఎన్నో కార్లలో బరువైన మూసిన బాడీలు తీసేసి తేలికైన స్పోర్ట్స్ బాడీలు ఎక్కించారు. అలా మార్చడం తప్పని నేననుకోను. మార్చిన సంగతి దాచి, పుట్టిందే అలాగని అమ్మడమే తప్పు. ఆ అబద్ధానికి అడ్డుపడే కాగితం ఈ రిజిస్టరే.

ఇనుము మీది నంబర్లతో కాగితాన్ని సరిపోల్చడం తర్వాతి మెట్టు. ఛాసిస్ మీద పొడిచిన అంకెలు, ఇంజను నంబరు లాగ్‌బుక్‌తో కలవాలి. ఇంజను మారి ఉంటే ఆ మార్పు లాగ్‌బుక్‌లో నమోదు కావాలి. అక్కణ్నుంచి కంపెనీ పుస్తకాలకు వెళ్లాలి. ఆస్టిన్, మోరిస్, ఎంజీ లాంటి కార్ల తయారీ లెడ్జర్లు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్ దగ్గర ఉన్నాయి. వాటి ఆధారంగా వాళ్లు ధ్రువపత్రం ఇస్తారు. రోల్స్ రాయిస్ ఛాసిస్ కార్డులు ఆ కార్ల అభిమానుల క్లబ్బు భద్రపరిచింది. కార్ఖానా దాటిన తేదీకీ నమోదైన తేదీకీ మధ్య ఎక్కువ నెలలు గడిచి ఉంటే, బండి డీలరు దగ్గర నిలిచిందా, కంపెనీ ప్రదర్శనకు వాడుకుందా అని కూడా అడగాలి.

నంబరు ప్లేటును మాత్రం ఒంటరిగా నమ్మకూడదు. ఇందుకు జేమ్స్ బాండ్ కారును మించిన పాఠం లేదు. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’ సినిమాలో ఆస్టన్ మార్టిన్ డీబీ5 ప్లేటు బి.ఎం.టి. 216ఎ. ఎం.టి. మిడిల్‌సెక్స్ కౌంటీది, చివరి ఎ అక్షరం 1963ది. ఈ నంబరుతో తెర మీద కనిపించినవి రెండు కార్లు. ఆయుధాలన్నీ అమర్చింది డి.పి./216/1 అనే ఛాసిస్, అంతకు ముందు ఎర్ర రంగులో ఉన్న నమూనా కారు. రోడ్డు మీద పరుగుల కోసం వాడిన రెండో కారు అసలు నంబరు ఎఫ్.ఎం.పి. 7బి. సినిమా పని అయ్యాక కంపెనీ మొదటి కారు సామగ్రి ఊడదీసి, 1968లో 6633 పి.పి. అనే బకింగ్‌హామ్‌షైర్ నంబరుతో మామూలు కారుగా అమ్మేసింది. తర్వాత కొన్నవాళ్లు మళ్లీ పరికరాలు అమర్చారు. 1997లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక విమానాల షెడ్డు నుంచి ఆ కారు దొంగతనానికి గురైంది. ప్రచారం కోసం చేసిన మరో రెండు కార్లూ అదే ప్లేటు మోశాయి. అంటే బి.ఎం.టి. 216ఎ ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా అది ఏ కారో చెప్పలేం. ఛాసిస్ నంబరు తోడుంటేనే కథ నిలుస్తుంది.

1974 అక్టోబరులో నమోదు పని స్వాన్‌సీలోని కంప్యూటర్ కేంద్రానికి మారింది. కౌన్సిళ్ల దగ్గరి పాత పుస్తకాల గతి ఒక్కో ఊళ్లో ఒక్కోలా అయింది. కొన్ని జిల్లా భాండాగారాలకు చేరాయి, కొన్ని డ్రోయిట్‌విచ్‌లోని కిట్‌హెడ్ ట్రస్టు దగ్గర బతికాయి, కొన్ని చెత్తకుప్పకు పోయాయి. లండన్ కౌంటీ కౌన్సిల్ రిజిస్టర్లలో అధిక భాగం మిగల్లేదు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ కార్లు తిరిగిన నగరం జ్ఞాపకం అలా పోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. 1983 నవంబరు ఆఖరుకు కంప్యూటర్‌కెక్కని బళ్లు తమ నంబరు పోగొట్టుకున్నాయి. అలాంటి కారు షెడ్డులో బయటపడితే, పాత నంబరు దానిదేనని లాగ్‌బుక్కో రిజిస్టరు నకలో చూపించి, గుర్తింపు పొందిన క్లబ్బు చేత పరీక్ష చేయించి తిరిగి తెచ్చుకునే పద్ధతి ఉంది. దాని పేరు వి765. ఎక్కడో భాండాగారంలోని ఒక వరస మీద ఒక కారు పేరు ఆధారపడి ఉంటుంది.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ సిల్వర్ గోస్ట్ సంగతి వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన కారది. అది చేతికి రాకుండానే 1911లో ఆయన కన్నుమూశారు. నేరుగా సంస్థానానికి వచ్చే ఇలాంటి కారు గురించి ఇంగ్లండు కౌంటీ పుస్తకాల కన్నా కంపెనీ కార్డుల్లోనే ఎక్కువ దొరుకుతుంది.

రాజుల కార్లను గుర్తుంచుకోవడానికి చాలామంది ఉన్నారు. మన ఊళ్లలోని డాక్టర్ల, ప్లీడర్ల, మిల్లు యజమానుల ఫియట్లకూ అంబాసిడర్లకూ ఆర్టీవో ఆఫీసు బి-రిజిస్టరే దిక్కు. ప్రమాదం కేసుల్లో వకీళ్లు దాఖలు చేసే బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ దాని నుంచి తీసిందే. పాత బండి కొన్నవాళ్లు మొదట అడగాల్సిన కాగితం కూడా అదే. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 31 అంటే విశాఖ అని ప్లేటు చూసి చెప్పే రోజులు 2019లో ఏపీ 39 రావడంతో కొత్త బళ్లకు పోయాయి. అందువల్ల ఆఫీసు రికార్డుకు ఇకమీద ఇంకా విలువ పెరుగుతుంది.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బళ్లను వింటేజి వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. కొత్త నంబర్లలో రాష్ట్రం కోడ్ తర్వాత వి.ఎ. అక్షరాలు వస్తాయి. అప్పటికే నమోదైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు, కానీ దరఖాస్తుతో పాత ఆర్‌సీ జతచేయాలి. అది ఆఫీసులో ఇచ్చేముందు అట్టతో సహా ప్రతి పేజీనీ, ట్రాన్స్‌ఫర్ ముద్రలనూ, కొట్టేసిన పేర్లనూ ఫొటో తీసుకోండి. బి-రిజిస్టర్ నకలు కూడా అప్పుడే అడిగి తీసుకోండి.