పేటెంట్లు లెక్కపెడితే సరిపోతుందా?

విశ్వవిద్యాలయాల నవకల్పన శక్తిని రిగ్రెషన్‌తో అంచనా వేసే పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. పరిశోధన నిధులు, అధ్యాపకులు, పీహెచ్‌డీ విద్యార్థులు, పరిశ్రమలతో ఒప్పందాలు ఒకవైపు, పేటెంట్లు మరోవైపు పెట్టి పాత లెక్కల మీదుగా ఒక గీత గీస్తారు. కొత్త సంస్థ నుంచి ఎంత ఆశించవచ్చో ఆ గీత చెబుతుంది. ఆర్థికవేత్త ఆడమ్ జాఫ్ 1989లో అమెరికా రాష్ట్రాల లెక్కలు తీసి, యూనివర్సిటీ పరిశోధనకూ కంపెనీల పేటెంట్లకూ సంబంధం ఉందని ఇలాగే చూపారు. పద్ధతి గట్టిదే. పేచీ అంతా దానితో దేన్ని కొలుస్తున్నామన్న దగ్గరే వస్తుంది.

మన దేశం సంగతే చూడండి. 2021లో కేంద్రం విద్యాసంస్థలకు పేటెంటు రుసుములో 80 శాతం రాయితీ ఇచ్చింది. జాతీయ ర్యాంకుల్లో మంజూరైన పేటెంట్లతో పాటు ప్రచురితమైన దరఖాస్తులకూ మార్కులున్నాయి. దరఖాస్తు చవకై, దానికి మార్కులు కూడా వస్తున్నప్పుడు, ప్రయోగశాలలో ఏమీ మారకపోయినా సంఖ్య పెరగగలదు. దరఖాస్తులనే నవకల్పనగా తీసుకున్న మోడల్ రుసుము తగ్గడాన్ని ప్రతిభ పెరగడంగా చదువుకుంటుంది. పైగా పేటెంట్లన్నిటి విలువా ఒకటి కాదు. గూగుల్ సెర్చికి పునాది అయిన పేటెంటును లైసెన్సుకిచ్చి పొందిన వాటాలు అమ్మితే స్టాన్‌ఫర్డ్‌కు సుమారు 33.6 కోట్ల డాలర్లు వచ్చాయి. పైసా రాల్చని పేటెంట్లు ఎన్ని కలిపినా దానికి సాటిరావు. లెక్కలో మాత్రం అదీ ఒకటే, ఇదీ ఒకటే.

ఇలాంటి హెచ్చుతగ్గులకు వేరే మోడళ్లున్నాయి కదా అని నిపుణులు అడగవచ్చు. ఉన్నాయి. ఆర్థికవేత్తలు హౌస్‌మన్, హాల్, గ్రిలికస్ 1984లోనే పేటెంట్ల సంఖ్యకు తగిన పద్ధతులు చూపించారు. అవి సంఖ్యల తీరుకు తగ్గట్టు గీతను సరిచేస్తాయి, కొలిచే వస్తువును మాత్రం మార్చలేవు. అంకెలు వద్దంటే పాత పేరూ పలుకుబడీ రాజ్యమేలుతాయి, జిల్లా కేంద్రంలోని యూనివర్సిటీ ఎవరికీ కనబడదన్నది మరింత బలమైన అభ్యంతరం. దాన్ని ఒప్పుకోవాల్సిందే. రిగ్రెషన్‌తో అసలు పనిపడేది అక్కడే. కొద్దిపాటి నిధులతో గీత ఆశించినదాన్ని మించి సాధించిన సంస్థను అది పట్టిస్తుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందో తేల్చాలంటే మనుషులు అక్కడికి వెళ్లి చూడాలి. తేడా కనబడగానే ర్యాంకు కట్టేస్తే సగం పనితో ఆగినట్టే.

కాబట్టి ర్యాంకులిచ్చేవారు దరఖాస్తులను పక్కనపెట్టి, మంజూరైనవాటినీ లైసెన్సుకు వెళ్లినవాటినీ లెక్కించాలి. అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా ప్రకటించాలి. ఆ వివరం ఇవ్వని జాబితాలో పదో ర్యాంకుకూ ఇరవయ్యో ర్యాంకుకూ నిజంగా తేడా ఉందో లేదో చెప్పలేం. అడ్మిషన్ల వేళ తల్లిదండ్రులు దాన్ని నమ్మి ఫీజు కట్టనక్కర్లేదు.